ముందే వచ్చేసిన పేరు పండగ

మా వంశంలో బిడ్డకి పేరు పెట్టడం ఆలోచించి చేసే పని కాదు. పెద్దకొడుకు మొదటి కొడుక్కి తాత పేరు, అంతే. గాస్పరిస్ కొడుకు మార్కోస్, మార్కోస్ కొడుకు గాస్పరిస్, ఆ గాస్పరిస్ కొడుకు మళ్ళీ మార్కోస్. రెండు వందల ఏళ్ళుగా ఇదే వరస. మా మెట్లవీధిలో ఎవరైనా గట్టిగా "గాస్పరిస్" అని కేకేస్తే, కిటికీలోంచి నేనూ, కొండమీది సమాధుల్లోంచి మరో ముగ్గురూ తలలు బయటపెట్టాలి.

అందుకే మా మార్కోస్‌కి మొదటి బిడ్డ పుట్టి, డాక్టరు మగబిడ్డ అన్నప్పుడు, పేరు కోసం ఎవరూ ఒక్క నిమిషం కూడా వెతుక్కోలేదు. నేను అప్పటికి నలభై ఏళ్ళుగా లుకూమి చేస్తున్నాను. గులాబీ నీళ్ళ వాసనతో, పంచదార పొడిలో దొర్లి, పళ్ళకి అతుక్కుపోయే మిఠాయి అది. సీరోస్ దీవిలో దాన్ని నాకంటే బాగా చేసేవాడు ఒక్కడుండేవాడు, వాడు ముందే పోయాడు. బాప్తిజం రోజున కొండ మొత్తానికీ పంచాను. ఆ వారంలో మా దీవి చీమలకి కూడా పళ్ళు పుచ్చిపోయాయి.

ఆ బిడ్డే ఇప్పుడు మా ఆంజెలా. డాక్టరు పొరబడ్డాడు, అతని మాట నమ్మి మేమూ పొరబడ్డాం. ఆ పొరపాటు తనే దిద్దింది, పదిహేనేళ్ళప్పుడు.

చిన్నప్పుడు ఇంట్లో ఉన్నా లేనట్టుండేది. లెక్కలు చకచకా చేసేది, పిల్లుల భాష వచ్చు, పాడైన గడియారం ఇస్తే సాయంత్రానికి నడిపించేది. ఫోటో తీస్తున్నారంటే మాత్రం వరస చివరికి జరిగిపోయేది. ఇక మా పేరు పండగొస్తే సరేసరి. మా వైపు పుట్టినరోజుకన్నా పేరు పండగే పెద్దది. ఏ సెయింటు పేరు పెట్టుకుంటే ఆ సెయింటు రోజున ఇంటి తలుపు తెరిచి పెట్టాలి. ఎవర్నీ పిలవకూడదు. పిలవకుండానే రావాలి, అదే లెక్క. వచ్చినవాళ్ళు పేరు పెట్టి "నిండు నూరేళ్ళు" అంటారు, ఇంటివాళ్ళు పళ్ళెంలో మిఠాయి పెడతారు. మా గాస్పరిస్‌ల పండగ జనవరి ఆరు. ఆ రోజు వీధి వీధంతా మా ఇంట్లో ఉంటే, తను డాబా మీది నీళ్ళతొట్టి వెనక నక్కేది. ఇద్దరి దీవెనలూ నేనే తీసుకునేవాణ్ణి, ఇద్దరి మిఠాయీ నేనే తినేవాణ్ణి. సిగ్గనుకున్నాను. ముసలి గాడిదని.

పోయిన ఏడాది ఏప్రిల్‌లో ఒక ఆదివారం వంటింటి బల్ల చుట్టూ కూర్చుని అందరం కూరకి అర్తిచోకు మొగ్గలు ఒలుస్తున్నాం. నేను, నా భార్య ఆనెత్తా, కొడుకు మార్కోస్, ఆసుపత్రిలో నర్సుగా చేసే కోడలు మరియెత్తా, తను. ఒలుస్తున్న మొగ్గ కిందపెట్టి అంది:

"నేనొకటి చెప్పాలి. నేను అబ్బాయిని కాదు. అమ్మాయిని. ఎప్పట్నుంచో."

"ఎప్పట్నుంచో అంటే?" అంది ఆనెత్తా.

"నాకు ఊహ తెలిసినప్పట్నుంచి."

ఆనెత్తా చేతిలో కత్తి ఆపలేదు. ఇంకో మొగ్గ ఒలిచింది. అప్పుడంది: "మరి ఇన్నేళ్ళూ ఒక్కదానివే మోశావా తల్లీ? నాతో చెప్పకూడదూ?"

మరియెత్తాకి వారం ముందే తెలుసట. తను వెళ్ళి కూతురి వెనక నిలబడి భుజం మీద చెయ్యేసింది. మార్కోస్ లేచి, చేతులు కడుక్కుని, డాబా మీదికెళ్ళి, రేవులోకొచ్చే ఓడల వైపు చూస్తూ నిలబడ్డాడు. అన్నానికి దిగలేదు.

ఇక నేను. ఆ బల్ల దగ్గర అడగగలిగిన ప్రశ్నలన్నిట్లో అతి తెలివితక్కువ ప్రశ్న నేనే అడిగాను. "మరి నా పేరో?"

నాకు రెండు రోజులు ముద్ద దిగలేదు. ఆ రెండు రోజులూ నేను తిన్నది ఆనెత్తా చూడలేదు కాబట్టి అలాగే చెబుతున్నాను.

మూడో రోజు పొద్దున్న డాబా మీద నేను ఊరగాయకి కేపరు మొగ్గలు ఎండబెడుతుంటే వచ్చి పక్కన కూర్చుంది.

"కోపమా తాతా?"

"కోపమెందుకు. రెండు వందల ఏళ్ళ వరస, ఏదో కొంచెం..."

"నీ పేరంటే నాకు ఇష్టమే. నీ మీద బాగుంటుంది. నా మీదే, నీ కోటు వేసుకున్నట్టుంటుంది. భుజాలు జారిపోతాయి."

"కోటయితే కుట్టించి బిగించుకోవచ్చుగా?"

"పదిహేనేళ్ళు బిగించా తాతా. ఊపిరాడలేదు."

నా దగ్గర జవాబు లేకపోవడం మా వీధిలో అప్పటికి రెండోసారి. మొదటిసారి బిషప్పుగారు నన్ను పాపాలు చెప్పుకోమన్నప్పుడు.

"సరే, తిరిగిచ్చెయ్. గీతలేమైనా పడ్డాయా?" అన్నాను.

"పడినవన్నీ నీవే. నేను జాగ్రత్తగానే వాడాను."

"కొత్తదేం అనుకున్నావ్?"

"ఆంజెలా."

"ఎవరి పేరది?"

"ఎవరిదీ కాదు. ఎనిమిదేళ్ళప్పుడు రోజూ పడుకునే ముందు దుప్పట్లో నన్ను నేనే ఒక్కో పేరుతో పిలుచుకునేదాన్ని. అన్ని పేర్లకీ ఊరుకున్నా. దీనికి పలకాలనిపించింది."

ఆ రోజు నుంచి తను నాకు ఆంజెలానే. మొదటి నెలలో నాలుగుసార్లు నోరు జారాను. జారినప్పుడల్లా తను "తాతా, నిన్ను నువ్వే పిలుచుకుంటున్నావు" అనేది. ఆనెత్తా ఒక్కసారి కూడా జారలేదు. ఆడవాళ్ళకి ఇలాంటివి ఎలా వస్తాయో నాకు తెలీదు.

మార్కోస్ సంగతి వేరు. వాడు ఓడలు బాగుచేసే యార్డులో వెల్డరు. మాటలు తక్కువ. కసరలేదు, గొడవ పెట్టుకోలేదు. ఏథెన్స్‌లో ఒక డాక్టరమ్మ ఉందంటే సెలవు పెట్టి కూతుర్ని ఓడెక్కించి తీసుకెళ్ళాడు, గది బయట రెండు గంటలు కూర్చున్నాడు, తిరిగొచ్చేటప్పుడు గాలికి ఓడ ఊగితే తన కోటు విప్పి కప్పాడు. అన్నీ చేశాడు. ఆ పేరు మాత్రం వాడి నోట్లోంచి రాలేదు. పాత పేరూ అనడు, కొత్త పేరూ అనడు. "ఇదిగో", "విను", "ఇటు చూడు", ఇవే.

"నీ కూతురికి 'ఇదిగో' అని బాప్తిజం చేయించావట్రా? ఏ నెలలో వస్తుంది సెయింట్ ఇదిగో?" అంది ఆనెత్తా ఒకరోజు.

"అమ్మా, వదిలెయ్."

"నేను వదిలేస్తాను. అది వదిలేస్తుందా? నువ్వు పిలిచినప్పుడల్లా దాని మొహం చూడు."

వాడు చూసే ఉంటాడు. అందుకే ఆ తర్వాత ఇంట్లో పిలవడమే తగ్గించాడు.

సెప్టెంబరులో బడి తెరిచే ముందు మేం నలుగురం ఆంజెలాని తీసుకుని కింద ఎర్మూపోలి పట్నంలోని హైస్కూలుకి వెళ్ళాం. మార్కోస్ కూడా వచ్చాడు, కుర్చీ అంచున కూర్చున్నాడు. హెడ్మాస్టరు మంచివాడే కానీ కాగితాల మనిషి. కోర్టు నుంచి పత్రం వచ్చేదాకా రాజధానికి పంపే జాబితాలో పేరు మార్చడానికి తనకి అధికారం లేదన్నాడు. రెండుసార్లు క్షమించమన్నాడు. అప్పుడు వాళ్ళ క్లాసు టీచరు కలియోపిగారు కళ్ళజోడు సర్దుకుని, "ఆ జాబితా ఏథెన్స్‌ది సార్. క్లాసులో హాజరు పుస్తకం మాది. అందులో మేం ఏం రాసుకుంటామో ఏథెన్స్ చూడ్డానికి రాదు" అంది. ఆంజెలా వైపు తిరిగి, "ఆడపిల్లల గదులూ, ఆడపిల్లల వరసా, అన్నీ నీవే. ఎవరైనా ఏదైనా అంటే ముందు నాకు చెప్పు, తర్వాత ఏడువు. వరస తారుమారు చెయ్యకు" అంది.

మా బళ్ళలో హాజరు పుస్తకం టీచరు చేతిలో ఉండదు, క్లాసులో బాగా చదివే పిల్ల చేతిలో ఉంటుంది. ఆ ఏడాది అది పొలిక్సేని అనే పిల్ల చేతికొచ్చింది. మందుల షాపాయన కూతురు, నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. మొదటి రోజునే పాత పేరు మీద కాగితం ముక్క అంటించి ఆంజెలా అని రాసి, కింద గీత గీసింది. అక్టోబరులో ఒక కొత్త సారు సెలవు మీద ఉన్నావిడ బదులొచ్చి, ఏథెన్స్ జాబితా తెరిచి పాత పేరు చదివాడట. పొలిక్సేని లేచి నిలబడి, "ఆ పేరుగల మనిషి కొండమీద ఉన్నాడు సార్. డెబ్బయ్యేడేళ్ళు. మోకాళ్ళ నొప్పులు. రమ్మని కబురు పెట్టమంటారా?" అందట. ఈ మాట ఆంజెలా ఇంటికొచ్చి చెబుతూ నవ్వింది. నోరు తెరిచి, మెడ వెనక్కేసి. ఆ నవ్వు మా ఇంట్లో అంతకు ముందు ఎవరూ వినలేదు.

అందరూ పొలిక్సేనిలు కారు. చేపల బజారు స్టెలియోస్ కొడుకు లెఫ్తెరిస్ తను నడుస్తుంటే వెనకే ఆ నడకని అనుకరించేవాడు. ఇద్దరు ముగ్గురు నవ్వేవారు. కలియోపిగారు వాణ్ణి బల్ల ముందుకి పిలిచి, ఆ నడక క్లాసు చుట్టూ పదిసార్లు నడవమందట. నాలుగో చుట్టుకి ఎవరికీ నవ్వు రాలేదు, పదో చుట్టుకి వాడికి ఏడుపొచ్చింది.

అక్టోబరు ఇరవై ఎనిమిదిన, మా జాతీయ పండగకి, పిల్లల పెరేడు. రేవు పొడుగునా బళ్ళన్నీ కవాతు చేస్తాయి. మగపిల్లలు ప్యాంటు, ఆడపిల్లలు నీలం లంగా, తెల్ల చొక్కా. ఆనెత్తా ఆ లంగాని ముందురోజు మూడుసార్లు ఇస్త్రీ చేసింది. ఆ మడతలతో రొట్టె కోసుకోవచ్చు. పొద్దున్నే మార్కోస్ పనిముట్ల సంచీ భుజానికేసుకున్నాడు.

"ఎక్కడికిరా?" అన్నాను.

"షిఫ్టుంది."

దేశమంతా సెలవు. యార్డు గేటుకి తాళం వేసుంటుందని దీవిలో మేకలకి కూడా తెలుసు. ఆంజెలా జడ వేయించుకుంటూ గుమ్మంలో ఉంది.

రేవు దగ్గర నా పక్కన స్టెలియోస్ నిలబడ్డాడు. మూడో బడి వచ్చేసరికి మోచేత్తో పొడిచాడు.

"గాస్పరీ, నీ మనవడు వరస తప్పాడు."

"మనవడెవడు? నాకున్నది మనవరాలు. అదిగో, మూడో వరస చివర, అడుగు తప్పకుండా నడిచేది. నీ కొడుకుని చూసుకో. ఎడమ కాలేదో కుడి కాలేదో మునిసిపాలిటీకి అర్జీ పెట్టుకుని జవాబు కోసం చూస్తున్నట్టున్నాడు."

చుట్టూ నలుగురు నవ్వారు. స్టెలియోస్ మెడ ఎర్రబడింది. కానీ నిజం చెప్పాలి, వాడి కొడుకు అడుగు ఘోరంగా ఉంది.

ఆంజెలా చక్కగా నడిచింది. తల నిటారుగా. కళ్ళు మాత్రం జనంలో వెతుకుతున్నాయి. మా ముగ్గుర్నీ చూసింది, చూసి ఇంకా వెతికింది.

ఆ ఆదివారం భోజనాల దగ్గర నేను ప్రకటించాను, జనవరి ఇరవై ఏడున మనింట్లో పేరు పండగ, తలుపు బార్లా. ఆ తేదీ నా ఎముకల్లో ఉంది. చిన్నప్పుడు నేను చదివిన కాన్వెంటులో సిస్టర్లు సెయింట్ ఆంజెలా రోజున ఒక్కొక్కరికీ రెండేసి పంచదార బాదంపప్పులు పెట్టేవారు. నేను పేరు మార్చి చెప్పి రెండుసార్లు వరసలో నిలబడ్డాను, రెండోసారి బాదంపప్పులు చేతివేళ్ళ మీద స్కేలుతో కలిసి వచ్చాయి. అలాంటి తేదీ మర్చిపోతామా?

మార్కోస్ చెంచా కింద పెట్టాడు.

"వద్దు నాన్నా."

"ఏం?"

"తలుపు తెరిచిపెట్టి కూర్చుంటాం. ఎవరూ రారు. పళ్ళెం ముందు పెట్టుకుని, ప్రతి చప్పుడుకీ అది తలెత్తి చూస్తుంది. నేను చూడలేను."

వాడి మాట ఆగేసరికి ఆంజెలా వంటింటి గుమ్మంలో రొట్టె పట్టుకుని నిలబడి ఉంది. అంతా విన్నది.

"నాన్న చెప్పింది నిజమే కావచ్చు. నేనూ అదే అనుకున్నా," అంది. రొట్టె బల్ల మీద పెట్టింది. "అయినా తలుపు తీద్దాం. ఎవరూ రాకపోయినా పర్లేదు నాన్నా. ఆ రోజు షిఫ్టు లేకపోతే చాలు."

మార్కోస్ రొట్టె వైపే చూశాడు. "జనవరికి చాలా రోజులుంది" అన్నాడు చివరికి. అంతే. తను పళ్ళేలు తీసి కడగడం మొదలుపెట్టింది, ఇంకా ఎవరి భోజనమూ పూర్తి కాకముందే.

జనవరికి చాలా రోజులుందని మేమందరం నమ్మాం. అక్కడే బోల్తా పడ్డాం. మేం కొండమీద కాథలిక్కులం, కింద పట్నంలో ఎక్కువమంది ఆర్థడాక్సు. ఈస్టరు కలిసే చేసుకుంటాం, పెళ్ళిళ్ళూ చేసుకుంటాం, పోట్లాటలైతే ఇంకా బాగా కలిసి చేసుకుంటాం. కానీ వాళ్ళ సెయింట్ల పట్టిక వేరు. మా ఆంజెలా ఒక సన్యాసిని, జనవరిలో వస్తుంది. వాళ్ళలో ఆంజెలా అనే పేరున్నవాళ్ళంతా దేవదూతల పండగనాడు, నవంబరు ఎనిమిదిన చేసుకుంటారు. ఇంట్లో ఐదుగురం, పుట్టినప్పట్నుంచీ ఈ దీవిలోనే ఉన్నాం, ఒక్కరికీ అది తట్టలేదు.

నవంబరు ఎనిమిది సాయంత్రం ఆరు గంటలకి మా ఇల్లు ఎలా ఉందో చెబుతాను. మూడు రోజులుగా ముసురు. ఆనెత్తా ఉతికిన బట్టలన్నీ ముందుగదిలో కుర్చీల మీద ఆరేసింది. నా పొడుగు లోపలి పంట్లాలు నాలుగు, సోఫా మీద నలుగురు చుట్టాలు కూర్చున్నట్టు కూర్చున్నాయి. ఐదోది నా ఒంటి మీదుంది, దాని మీద ఇంకేమీ లేదు. పొయ్యి మీద పప్పు. మరియెత్తా అప్పుడే డ్యూటీ నుంచొచ్చి తల తుడుచుకుంటోంది. మార్కోస్ వేడినీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టుకున్నాడు. ఆంజెలా లోపల లెక్కలు చేసుకుంటోంది.

తలుపు కొట్టారు. గుమ్మానికి దగ్గరున్నది మార్కోస్. తడికాళ్ళతో వెళ్ళి తీశాడు.

బయట పిల్లలు. మెట్ల మీద ఒకరి వెనక ఒకరు, గొడుగులు, రిబ్బన్లు కట్టిన అట్టపెట్టెలు. మా మెట్ల సంగతి మీకు తెలీదు. బాప్తిజానికి కింద బయలుదేరినవాడు పైకొచ్చేసరికి పెళ్ళీడుకొస్తాడు. ముందున్న పొలిక్సేని ఆయాసపడుతోంది.

"అంకుల్, ఆంజెలా వాళ్ళిల్లు ఇదేనా? కాదంటే మాత్రం నేనిక్కడే కూలబడిపోతాను. ఇప్పటికి మూడు తలుపులు కొట్టాం."

మార్కోస్ కదల్లేదు. గుమ్మానికి అడ్డంగా, తడికాళ్ళ కింద మడుగు కడుతుండగా, పిల్లల్ని ఒక్కొక్కర్నీ చూస్తున్నాడు. గది లోపల్నుంచి ఆంజెలా వచ్చింది, చేతిలో పెన్ను. తండ్రి వీపు చూసి ఆగిపోయింది.

"ఇదే," అన్నాడు మార్కోస్. "ఇదే ఇల్లు. రండి. జాగ్రత్త, తడిగా ఉంది." పక్కకి జరిగి, "ఇవాళేంటమ్మా?" అన్నాడు.

"అదేంటి అంకుల్, పేరు పండగ. దేవదూతల రోజు కదా. మీరు చేసుకోరా?"

ఆనెత్తా నా వైపు చూసింది. ఆ చూపు గురించి రాయను. కాన్వెంటులో స్కేలు దానికంటే మెత్తగా ఉండేది.

తర్వాత ఏం జరిగిందో చెప్పాలంటే నాకు నాలుగు చేతులుండాలి. మరియెత్తా నా పంట్లాల్ని చంకలో పెట్టుకుని పరిగెత్తింది. నేను గదిలో దూరి దొరికిన ప్యాంటు తొడిగాను, అది మార్కోస్‌ది, పట్టుకునే నడవాల్సొచ్చింది. వంటింట్లో ఆనెత్తా అలమరాలు తీసి మూస్తోంది.

"నలభై ఏళ్ళు ఊరందరికీ మిఠాయి చేసినవాడి ఇంట్లో పంచదార పలుకు లేదు. పళ్ళెంలో పప్పు పెట్టనా?"

ఆ పంచదార ఎందుకు లేదంటే, డాక్టరు నాకు మాన్పించాడు, ఆనెత్తా ఇల్లంతా ఊడ్చి పారేసింది. అదే తను అనుకుంటోంది. నాకు వేరే దారి కనపడలేదు.

"చేపలకెళ్ళే బూట్లలో చూడు" అన్నాను.

చూసింది. గులాబీ లుకూమి, ఒక పెట్టె.

"ఇంకా?"

"ఇంకేం లేదు."

"గాస్పరిస్."

"పాత రేడియో వెనక."

పిస్తా లుకూమి, రెండు పెట్టెలు.

"ఇంకా?"

"సెయింట్ ఆంథొనీ పటం వెనక. కానీ అది ఆయనే దాచాడు."

పళ్ళెం నిండింది. ఆనెత్తా దాన్ని ఎత్తుకోబోతే మార్కోస్ వచ్చి చేతుల్లోంచి తీసుకున్నాడు. ఇంటి పెద్దకొడుకు చేసే పని అది. వాడు చెప్పుల్లేకుండా, పంట్లాం మోకాళ్ళదాకా మడిచి, ఎక్కడలేని గౌరవంతో ఆ పళ్ళెం పట్టుకుని ముందుగదిలోకి నడిచాడు.

మొత్తం నలభైమంది వచ్చారు. ఆనెత్తా పదకొండు అంటుంది. తను కూర్చున్నవాళ్ళనే లెక్కపెట్టింది, నేను సంతోషాన్ని కూడా లెక్కేశాను. ఆంజెలా గది మధ్యలో నిలబడింది, వేళ్ళకి సిరా. మా పద్ధతి ప్రకారం ఒక్కొక్కరూ వచ్చి చెయ్యి పట్టుకుని పేరు పెట్టి చెప్పాలి. "ఆంజెలా, నిండు నూరేళ్ళు." "నిండు నూరేళ్ళు, ఆంజెలా." తను మొదటి ముగ్గురికి తల మాత్రం ఊపింది. నాలుగోవాడికి గొంతొచ్చింది. అలా ఒకరి తర్వాత ఒకరు ఆ పేరు అంటూనే ఉన్నారు. పక్కనే పళ్ళెం పట్టుకుని నిలబడ్డ మార్కోస్ ప్రతిసారీ విన్నాడు.

అందరికంటే వెనక లెఫ్తెరిస్ ఉన్నాడు. లోపలికి రాలేదు, గుమ్మం బయటే వానలో తడుస్తున్నాడు. చేతిలో కాగితంలో చుట్టిన పొట్లం.

"నువ్వెందుకొచ్చావ్?" అంది ఆంజెలా.

"పొలిక్సేని ఈడ్చుకొచ్చింది. కాదు... సగం ఈడ్చింది. సగం నేనే వచ్చా." పొట్లం చాచాడు. "ఎర్ర చేపలు. నాన్న పంపాడు. కొడుకు అడుగు గురించి మీ తాత మళ్ళీ నోరెత్తకుండా ఉంటే ఇంకో కిలో పంపుతానన్నాడు."

"అది కుదరదు," అన్నాను లోపల్నుంచి, ప్యాంటు పట్టుకుని.

"ఆ నడక..." అన్నాడు వాడు నేల చూస్తూ. "ఇంక నడవను, ఆంజెలా."

ఆంజెలా వాణ్ణి కాసేపు చూసింది. తొందరేం పడలేదు. "చేపలు తడుస్తున్నాయి, లోపలికి రా" అంది. చెయ్యి మాత్రం ఇవ్వలేదు. అది తన ఇష్టం, తన పండగ. వాడొచ్చి ఒక మూల కూర్చున్నాడు. మార్కోస్ వాడి దగ్గరా పళ్ళెం పట్టాడు, కాస్త ఎక్కువసేపు, కాస్త పైనించి చూస్తూ. వాడు లుకూమి తీసుకోవడానికి భయపడి, తీసుకోకపోవడానికి ఇంకా భయపడి, రెండు తీసుకున్నాడు.

ఎనిమిదింటికి వాళ్ళ ఇళ్ళ నుంచి ఫోన్లు మొదలయ్యాయి. మెట్ల మలుపులో దీపం పాడైంది, రాళ్ళు జారుతున్నాయి. మార్కోస్ బూట్లు తొడిగి టార్చి తీసుకున్నాడు.

"నేను దింపొస్తాను" అన్నాడు. పిల్లలంతా వాడి వెనకే దిగారు, బాతుపిల్లల్లా. వాళ్ళ మాటలు మలుపు తిరిగి, చిన్నవై, వాన చప్పుడులో కలిసిపోయాయి.

మేం ఖాళీ గ్లాసుల మధ్య కూర్చున్నాం. మరియెత్తా రిబ్బన్లు చుడుతోంది. ఆంజెలా కిటికీ దగ్గర నిలబడింది. ఇంత జరిగినా మొహంలో ఏదో మిగిలిపోయినట్టుంది. నాకు అర్థమైంది. ఆ సాయంత్రం గదిలో ఉన్న ప్రతి నోరూ ఆ పేరు పలికింది, ఒక్కటి తప్ప.

అప్పుడు కింద నుంచి, చాలా కింద నుంచి, కేక వినిపించింది. మార్కోస్ గొంతు. ఓడల యార్డులో ఇరవై ఏళ్ళు సుత్తుల మీద నుంచి అరిచి అలవాటైన గొంతు.

"ఆంజెలా."

తను కిటికీ అంచు పట్టుకుంది.

"ఆంజెలా, ఎవరిదో మఫ్లర్ మిగిలిపోయిందట. కుర్చీ మీద చూడు. కిందికి విసురు."

మఫ్లర్ కుర్చీ మీదే ఉంది, పచ్చది, ఆనెత్తా పక్కనే. తను దాని వైపు చూడలేదు. కదల్లేదు.

"పలకవేమే, వానలో నిలబడ్డారు వాళ్ళు" అంది ఆనెత్తా.

"ఉండు నానమ్మా. ఇంకోసారి పిలవనీ."

మూడోసారి పిలిచాడు, ఇంకా గట్టిగా, విసుగ్గా, సొంత పిల్లని పిలిచినట్టు. ఎదురింటి కిటికీ తెరుచుకుంది, పైయింటి కుక్క మొరిగింది. అప్పుడు తను మఫ్లర్ అందుకుని, కిటికీలోంచి సగం ఒంగి, "వస్తున్నా నాన్నా, అరవకు, ఊరంతా వింటోంది" అని తనూ అంత గట్టిగానే అరిచింది.